తల్లిగడ్డల మడి

మా అమ్మాయి నిన్న తుర్కయాంజాల్‌లో ఆటో దిగి, దారిలో దుకాణం నుంచి మూడు కట్టల ఉల్లికాడలు కొని తెచ్చింది. మూడింటికీ ఒకే రకం రబ్బరు బ్యాండు, ఒకే పేరు. ఒక కట్టలోవి దారాల్లా సన్నగా, అడుగున గడ్డ అన్నదే లేకుండా ఉన్నాయి. రెండో కట్టలో ఉసిరికాయంత తెల్లటి గడ్డలు. మూడో కట్టలో కాడలు లావుగా, నడుమ దగ్గర ఉబ్బి, కొసకు మొగ్గ కట్టి ఉన్నాయి. మా పిల్ల మూడింటినీ పీటమీద ఒక్కచోట పరిచి కత్తి ఎత్తింది. నేను కూర్చున్నచోటు నుంచి లేచి వెళ్లి కత్తి లాక్కున్నాను.

"ఏమైందే అమ్మా? ఉల్లాకు ఉల్లాకే గదా" అంది.

"కాదు" అన్నాను.

వేరుచేసి ఇచ్చాను. సన్నవి పొయ్యి దించాక పైన చల్లుకోమన్నాను. గడ్డవాటిని ముందు నూనెలో వేయించి, వాటి ఆకు మాత్రం చివర్లో వెయ్యమన్నాను. మూడోది పక్కన పెట్టమన్నాను. అది తినేది కాదు, విత్తనానికి వదిలేది అంటే, "మరి అమ్మెటోడు ఎందుకు అమ్మిండు?" అని నన్నే నిలదీసింది. అమ్మేవాడికీ తెలియదు, కొనేదానికీ తెలియదు. నాకు మాత్రం తెలిసి ఏం ఒరిగింది అనిపించింది. ఆ పూటంతా వంటింట్లోంచి బాల్కనీలోకి, బాల్కనీలోంచి వంటింట్లోకి తిరుగుతూనే ఉన్నాను. కుదురు లేదు. అసలు నాకు కుదురు ఎప్పుడు ఉందని. చిన్నప్పుడు మా అవ్వ నన్ను చూసి, "దీని కాళ్లకింద నిప్పులు పోసిన్రా ఏంది" అనేది.

మా అవ్వ అంటే మా బాపును కన్నతల్లి. మాకు ఇబ్రహీంపట్నం దగ్గర బావికింద కొంచెం భూమి ఉండేది. తాత పోయాక అది అవ్వ పేరు మీదకు వచ్చింది. బాపు పట్నంలో ఒక గోదాంలో పని చేసేవాడు. పొద్దున బస్సెక్కితే మళ్లీ దీపాలు పెట్టేవేళకే రావడం. చేను చూడ్డానికి ఆయనకు ఆదివారం ఒక్కటే దొరికేది. వరి, జొన్న అయితే ఆయనకు అంతో ఇంతో తెలుసు గానీ ఉల్లి మడి మాత్రం మా ఇంట్లో ఆడవాళ్లదే. నారు పోసేదీ, నాటేదీ, కలుపు తీసేదీ, పీకేదీ అన్నీ అవ్వా, అమ్మా. మగవాళ్లు ఆ మడిలో వంగగా నేను చూడలేదు. మా వైపు ఏ ఇంట్లోనూ చూడలేదు.

చలికాలం వచ్చిందంటే ఆ మడిలో మూడు రకాల ఉల్లి పక్కపక్కనే పచ్చగా నిలబడేది. దూరం నుంచి చూస్తే అంతా ఒకటే ఆకు. అవ్వ నన్ను కళ్లు మూసుకోమని నా చేతిలో ఒక్కో కాడ పెట్టేది.

"కండ్లతోని చూస్తె మోసపోతవ్ పొల్లా. వేళ్లతోని చూడు."

గిల్లితే నీరు చిమ్మి, మెడ దగ్గర మెత్తగా జారిపోయేది నారుల్లి. అది జొన్నరొట్టెలోకి పచ్చిగానే తినాలి. ఉడికిందంటే మాయమైపోతుంది. మెడ కింద గోళీలాంటిది చేతికి తగిలితే పిల్లుల్లి. అది పప్పులోకి, కోడిగుడ్డులోకి, ఎండు రొయ్యల్లోకి, సర్వపిండిలోకి. ఒకే చోట నాలుగైదు మొలకలు గుంపుగా లేచి, మట్టిలో వేలు పెడితే పాత పొట్టు గరగరమంటే అది తల్లిగడ్డ. అంటే కిందటేడు పండిన వాటిలో మంచి గడ్డలు ఏరి, ఉట్టిలో దాచి, మళ్లీ భూమిలో పెట్టినవి. వాటికి గొట్టాల్లాంటి కాడలొచ్చి, కొసకు తెల్లటి పూల బంతి పూసి, ఎండాకాలం మొదట్లో నల్లటి గింజ ఇస్తాయి. ఆ గింజే వచ్చే ఏటికి నారు. తల్లిగడ్డ ఆకు ఒక్కటి తుంచినా అవ్వ నా చెయ్యి మీద ఛెళ్లున కొట్టేది.

నాకు ఇవన్నీ వచ్చేశాయి గానీ నా ధ్యాస ఎప్పుడూ అల్లరి మీదే. ఉల్లి కాడ బోలుగా ఉంటుంది కదా, దాన్ని తుంచి పీకలా ఊదేదాన్ని. సబ్బు నీళ్లలో ముంచి బుడగలు వదిలేదాన్ని. జేబులో నాలుగు కాడలు పెట్టుకుని బడికి పోయి, లెక్కలు చెప్తుంటే నమిలేదాన్ని. పంతులమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నన్ను తలుపు దగ్గర కూర్చోబెట్టేది. తలుపు దగ్గరైతే బయటికి చూడొచ్చు. నాకు కావలసిందీ అదే.

ఒక ఏడాది మా చుట్టుపక్కల భూములన్నీ అమ్ముడుపోతున్నాయి. బొంగులూరు వైపు నుంచి కార్లొచ్చేవి. తెల్లచొక్కాలవాళ్లు దిగి చెట్టుకింద నిలబడి చేతులతో గాల్లో గీతలు గీసేవాళ్లు. మా బావిలో నీళ్లు అడుగంటాయి. మా భూమికి మూడువైపులా ఉన్నవాళ్లు అమ్మేశారు. ఇంకొన్నాళ్లుంటే చేలోకి పోవడానికి దారే ఉండదని బాపు దిగులు పెట్టుకున్నాడు. అమ్మి, పట్నం దగ్గర ఇల్లు తీసుకుని, నన్ను మంచి బడిలో వెయ్యాలన్నది ఆయన ఆలోచన. ఒకరోజు నన్ను తీసుకెళ్లి ఆ ఇల్లు చూపించాడు కూడా. మిద్దెమీదికి మెట్లు, ఇంట్లోనే కుళాయి, సందు చివర పసుపు రంగు బడి బస్సు. నేను కుళాయి తిప్పి, కట్టి, మళ్లీ తిప్పాను. ఆ రోజు నుంచి నాకు మా ఊళ్లో కాలు నిలవలేదు.

అవ్వ కాదనలేదు. ఔననీ అనలేదు. భూమి బేరం మధ్యవర్తి వేలిముద్ర కోసం కాగితాలు పట్టుకుని వచ్చిననాడు తమలపాకు నములుతూ చెప్పింది.

"మడిల ఉల్లి ఉన్నది. ఉల్లి తీసినంక వేలు పెడ్త."

"ఎప్పుడు తీస్తరమ్మా?" అని మధ్యవర్తి.

"ముదిరినంక."

"శివరాత్రికి ఎల్తది తియ్యి" అని బాపు ఆయనకు సర్దిచెప్పి పంపించాడు.

నేను కూడా శివరాత్రి మీద ఆశ పెట్టుకున్నాను. బడి నుంచి రాగానే మడి దగ్గరికి పరుగెత్తి గడ్డలు ఊరాయా లేదా అని మట్టి తవ్వి చూసేదాన్ని. ఊరుతున్నాయి. బాగానే ఊరుతున్నాయి. అప్పుడు మొదలుపెట్టింది అవ్వ తన పని.

బాగా గడ్డ కట్టిన పిల్లుల్లిని రోజూ ఒక పట్టెడు పీకేది. పీకినచోట ఖాళీ ఉంచేది కాదు. బావిగట్టు వెనక, ఎవరికీ కనపడకుండా, ఇంకో నారుమడి పోసి పెట్టుకుంది. అందులోంచి దారాల్లాంటి నారు తెచ్చి ఆ గుంటల్లో పెట్టేది. ఆమె కాడ నిలబెడితే నేను బొటనవేలితో మట్టి అదమాలి, చెంబుతో నీళ్లు చిలకరించాలి. ఆదివారం బాపు గట్టుమీద నిలబడి చూస్తే మడి నిండా లేత ఉల్లే.

"ఇంకా ముదురలేదానే?"

"చలి ఎక్కువున్నది గదా. జర ఆలస్యమైతది" అనేది అవ్వ.

పీకిన ఉల్లి ఏం చెయ్యాలి మరి? తినాలి. మా ఇంట్లో ఉల్లాకు పప్పు, ఉల్లాకు గుడ్డు, ఉల్లాకు రొయ్యలు, మళ్లీ పప్పు. సర్వపిండిలో పిండికన్నా ఉల్లాకే ఎక్కువ. ఇంటికొచ్చినవాళ్ల చేతిలోనూ ఒక కట్ట పెట్టి పంపేవాళ్లు. అమ్మకు సంగతంతా తెలుసు. ఆమె అటూ మాట్లాడలేదు, ఇటూ మాట్లాడలేదు, పొయ్యి ముందు కూర్చుని తరుగుతూనే ఉంది. ఒక్కసారి మాత్రం పచ్చిపులుసులోకి గడ్డల్ని పెద్ద ముక్కలుగా కోస్తుంటే అవ్వ వచ్చి చెవిలో చెప్పింది.

"సన్నగ కొయ్యి. ముక్కను చూస్తె గడ్డ ఎంతున్నదో తెలుస్తది."

అమ్మ నవ్వాపుకుంటూ సన్నగా తరిగింది. బాపు ఆ పచ్చిపులుసు అన్నంలో కలుపుకుని, "గీ యాడాది ఉల్లి మస్తు రుచున్నది" అన్నాడు. నేను నీళ్లు తాగే వంకతో లేచి బయటికి పరుగెత్తాను. నవ్వొచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది. నాకు ఆ కుళాయి కావాలి. ఆ బస్సు కావాలి. నేనే ప్రతి సాయంత్రం నా వేలితో దాన్ని వెనక్కి నెడుతున్నాను. అవ్వ మీద కోపం వచ్చి ఒకనాడు నీళ్లచెంబు గట్టుమీద విసిరేశాను.

"నువ్వు భూమి అమ్మనియ్యవ్. నాకు తెలుసు. నన్ను గీడ్నే ఉంచుతవ్" అన్నాను.

అవ్వ వంగి చెంబు తీసి, సొట్ట పడిందేమోనని తడిమి చూసి, నీళ్లు పట్టుకుని రమ్మంది. నేను కాళ్లు నేలకేసి కొడుతూ వెళ్లి పట్టుకొచ్చాను. ఆమె చెప్తే చెయ్యకుండా ఉండటం నాకు చేతకాదు. పైగా, నిజం చెప్పొద్దూ, ఇంట్లో మగవాడికి తెలియని గుట్టు ఒకటి నా దగ్గర ఉండటం నాకు గొప్పగానే ఉండేది.

మడి ఆ చివర తల్లిగడ్డలు మాత్రం ఎవరి లెక్కా లేకుండా పెరిగిపోతున్నాయి. నా నడుమెత్తు కాడలు లేచాయి. మొగ్గలు పగిలి తెల్లటి బంతులయ్యాయి. పొద్దున పూట తేనెటీగలు వాటిచుట్టూ జుమ్మని తిరిగేవి. బాపు వాటిని చూసి మొహం చిట్లించేవాడు. తినేవాళ్ల లెక్కలో పూతకొచ్చిన ఉల్లి పాడైపోయిన ఉల్లి. అది గడ్డ ఊరదు, కాడ నమలడానికి రాదు. ఆయన తినేవాడే గానీ నాటేవాడు కాదు కదా.

శివరాత్రి వచ్చింది, పోయింది. మధ్యవర్తి రెండుసార్లు ఇంటికొచ్చి గొంతు పెంచి మాట్లాడి వెళ్లాడు. ఆ ఆదివారం బాపు పొద్దున్నే గంప తీసుకుని నన్ను వెంటబెట్టుకుని చేనికి బయలుదేరాడు. అవ్వ ఇంకా ఇంటిదగ్గర స్నానం చేస్తోంది.

"ఇయ్యాల నేనే పీకుత. చిన్నదో పెద్దదో, ఉన్నకాడికి తీసేద్దాం" అన్నాడు.

బాపు చెప్పులు విప్పి, ప్యాంటు మడిచి, మడిలో దిగాడు. వంగి ఒకటి పీకాడు. దారం. ఇంకోటి పీకాడు. అదీ దారమే. రెండింటినీ అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"శివరాత్రి దాటినా నారే" అన్నాడు తనలో తానే. తర్వాత నావైపు తిరిగి చెప్పాడు. "చూసినవా బిడ్డా? భూమిల సత్తువ లేదు. గందుకే అమ్ముదామంటున్న. మీ అవ్వకు జెప్తె అర్థం కాదు."

ఆయన గొంతులో అంత బాధ ఉంటుందని నేను అనుకోలేదు. భూమి అమ్ముతున్నందుకు తనకు తాను చెప్పుకునే కారణం ఏదో ఆ రెండు దారాల్లో ఆయనకు దొరికినట్టుంది. ఆయన లేచి మడి ఆ చివరికి నడిచాడు. "గివన్ని పూతకొచ్చి ఖరాబైనయ్. ముందుగాల గివి పీకేస్తె జాగ సాఫయితది" అంటూ తల్లిగడ్డ కాడను మొదలు దగ్గర పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. అది వేళ్లతో సహా లేచి వచ్చింది. పూల బంతి మీది తేనెటీగలు చెదిరాయి.

నేను ఊరుకుంటే అంతా అయిపోయేది. మడి ఖాళీ అయ్యేది, అవ్వ వేలు పెట్టేది, వారం తిరక్కుండా నేను కుళాయి దగ్గర ఉండేదాన్ని. అదంతా నాకు ఆ క్షణంలో తెలుసు. అయినా కాళ్లు ఆగలేదు. మడిలోకి దూకి బాపు చెయ్యి పట్టుకున్నాను.

"వద్దు బాపు. గవి అవ్వ ఇత్తనం."

"ఇత్తనమేంది?"

"గవి ఖరాబు కాలే. గింజ కోసం ఉంచింది. గవి పోతె మళ్ల ఉల్లే ఉండదు."

ఆయన చేతిలోని మొక్కను చూశాడు, నన్ను చూశాడు. తర్వాత మెల్లగా తల తిప్పి నారు ఉన్న వైపు చూశాడు. ఒక్కో కాడ మొదట్లో మట్టి అదిమిన గుంట ఉంది. నిన్నటిదాకా అదిమినవి, తడి ఆరనివి. ఆయన వంగి ఒక గుంటలో తన బొటనవేలు పెట్టాడు. అందులో పట్టలేదు.

"ఇది నీ వేలా?"

నేను తలూపాను.

గట్టుమీద కూలబడ్డాడు. ముందు ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమో అని భయపడ్డాను. నవ్వుతున్నాడు.

"చలికాలమంత నాతోనే గడ్డలు తినిపిచ్చి, నాకే నారు చూపిచ్చిన్రా? మీ అమ్మకు గుడ తెలుసా?"

"తెలుసు."

ఆ నవ్వు ఎక్కువసేపు లేదు. ఊడిన తల్లిగడ్డను అదే గుంటలో నిలబెట్టి చుట్టూ మట్టి తోశాడు. తోయడం రాలేదు, కాడ వాలిపోయింది. నేను చూపించాను. అప్పటికి అవ్వ తడిజుట్టు ముడేసుకుంటూ వచ్చి గట్టుమీద నిలబడింది. కొడుకు ఉల్లి మడిలో మోకాళ్ల మీద ఉండటం చూసి ఆమెకు అంతా అర్థమైపోయింది. ఇద్దరూ తగువు పడతారని ఎదురుచూశాను. బాపు తలెత్తకుండానే అడిగాడు.

"ఎన్నడెండుతయ్ అమ్మా?"

"ఉగాది దాటాలె" అంది అవ్వ.

మధ్యవర్తితో బాపు ఏం మాట్లాడాడో నాకు తెలియదు. నాలుగు రోజుల్లో యంత్రాలు వచ్చి మా చుట్టూ ఉన్న చేలన్నీ చదును చేశాయి. గట్లు పోయాయి, ఎర్రమట్టి లేచింది, తెల్లసున్నం కొట్టిన రాళ్లు పాతారు. మధ్యలో మా ఉల్లి మడి మాత్రం అలాగే ఉంది. బడి నుంచి వస్తుంటే ఆ ఎర్రటి మైదానంలో తెల్లటి పూలు దూరానికే కనిపించేవి. పక్క ఊళ్లవాళ్లు కూడా నిలబడి చూసి ఇదేందని అడిగి పోయేవాళ్లు. పూలు వాడి, బంతులు గోధుమరంగు తిరిగి, పగుళ్లలోంచి నలుపు కనిపించేదాకా అవ్వ రోజూ వెళ్లి ఒక్కో బంతినీ తాకి చూసొచ్చేది. నేను ఆమె వెనకాలే తిరుగుతూ ఇంకెన్నాళ్లని సతాయించేదాన్ని.

ఒకనాడు బంతులన్నీ తుంచి తెల్లగుడ్డ మీద ఎండబోసింది. ఎండాక చేతులతో నలిపి, చేటతో చెరిగితే నల్లటి గింజ మిగిలింది. చూడ్డానికి బొగ్గుపొడిలా ఉంది. దాన్ని గుడ్డమూటలో పోసి ముడేస్తూ మామూలుగా చెప్పింది.

"కాగితం తెమ్మను. వేలు పెడ్త."

నాకు అర్థం కాలేదు. "నువ్వు భూమి అమ్మనియ్యవ్ గదా అవ్వా?" అన్నాను.

"నేనెప్పుడన్న బిడ్డా? భూమి ఆగదు. చుట్టుపక్కల అందరిది పోయింది, మనది ఆగుతదా?" అంది. "గిది మా అమ్మ నాకిచ్చి పంపింది. ఏడాది దాటితె ఉల్లి ఇత్తనం మొలవది. ఎవలకన్న ఇచ్చి పోవాలె గదా."

ఇన్నాళ్లూ ఆమె భూమి కోసం పోరాడుతోందని నేను అనుకున్నాను. ఆమెకు భూమి మీద ఆశ ఎప్పుడో పోయింది. బాపు ఇవ్వని నెలరోజులు ఎలాగోలా సంపాదించుకుంది, అంతే.

వేలు పెట్టిన మర్నాడు, సామాను కట్టేసి ఉండగా, అవ్వ వాకిట్లో గుడ్డ పరిచి కూర్చుంది. ఊళ్లో ఇంకా భూమి ఉన్న ఆడవాళ్లకు కబురు పంపింది. పెద్ద అంబర్‌పేట్ వైపు కోడళ్లుగా వెళ్లిన మా ఊరి పిల్లలు ఇద్దరు కూడా వచ్చారు. చర్చి వీధి నుంచి ఇద్దరు అక్కలు వచ్చారు. ఒక్కొక్కరూ ముందుకొచ్చి కొంగు పట్టేవాళ్లు. అవ్వ చిటికెడు చిటికెడు పోస్తూ ఒకటే మాట అడిగేది.

"ఏడ జల్లుతవ్?"

"బావికాడ చిన్నమ్మా." "పెరట్ల, జామచెట్టు పక్కన." "మా అమ్మగారింటికాడ." జాగా చెప్పినవాళ్లకే గింజ. చెప్పాక, "దసరా ఎల్లినంక నారు పొయ్యి" అని వాళ్లకు తెలిసిందే మళ్లీ చెప్పేది.

మూట అడుగంటింది. వరస అయిపోతుండగా బాపు లారీ దగ్గర్నుంచి వచ్చాడు. తాళ్లు బిగించి బిగించి చేతులు ఎర్రబడి ఉన్నాయి. ఆడవాళ్ల వెనక కాసేపు నిలబడ్డాడు. ఆఖరు మనిషి కొంగు ముడేసుకున్నాక ముందుకొచ్చి, అవ్వ ముందు గొంతుక్కూర్చుని అరచెయ్యి చాచాడు.

"నాగ్గుడ జర పెట్టమ్మా."

అవ్వ మూటలో వేళ్లు పెట్టి చిటికెడు తీసింది. చెయ్యి కొడుకు అరచేతి మీదిదాకా వచ్చింది. అందరినీ అడిగినట్టే అడిగింది. కోపం లేదు, దెప్పిపొడుపు లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"ఏడ జల్లుతవ్ రా?"

బాపు నోరు తెరిచాడు. మిద్దె, మెట్లు, సిమెంటు వాకిలి ఆయన కళ్లముందు తిరిగి ఉంటాయి. నేనూ ఆ ఇల్లంతా మనసులో వెతికాను. నాకూ మట్టి దొరకలేదు. అవ్వ ఆ చిటికెడును, పక్కింటామె మళ్లీ కొంగు పడితే అందులో వేసింది. బాపు లేవలేదు. చాచిన చెయ్యి కూడా తీసుకోలేదు. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. నెలల తరబడి ఆ లారీ కోసం గంతులేసిన నేను, వాకిట్లో ఆ ఖాళీ అరచెయ్యి చూస్తూ, మొదటిసారి కదలకుండా నిలబడ్డాను.